హైబ్రిడ్ సైకిల్ టెస్ట్ రైడ్: ఒకటి పరుపులా ఉంది, ఇంకొకటి గుండ్రాయిలా ఉంది. ఏది తీసుకోవాలి?

పెన్నా_గట్టు
ఊరు కడప. వయసు 46, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 84 కిలోలు. షుగరు అంచు మీద ఉంది, రోజూ నడవమని డాక్టరు చెప్పాడు, మోకాలేమో వద్దంటోంది, అందుకని సైకిల్. నాలుగేళ్ళ కిందట ముందూ వెనకా షాకులు, అంటే అదురు తగ్గించే స్ప్రింగులు, ఉన్న లావు సైకిల్ ఒకటి కొన్నా. దాని మీద నేను పైకీ కిందికీ ఊగడమే గానీ అది ముందుకు పోయేది తక్కువ. దేవుని కడప దాకా పోయొచ్చేసరికి నడుము పట్టేస్తుంది. ఇప్పుడు హైబ్రిడ్, అంటే సన్న టైర్ల రోడ్ బైకుకూ లావు టైర్ల సైకిల్‌కూ మధ్య రకం, కొందామని నిన్న ఊళ్ళో ఒక షాపుకు పోయా. రెండు చూపించారు. ఒకదానికి ముందు షాకులు, మెత్తటి వెడల్పు సీటు. రెండోదానికి షాకుల్లేవు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మామూలుది, సన్న సీటు, ధర మాత్రం నాలుగు వేలు ఎక్కువ! షాపు ముందర సందులో ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క రౌండు తొక్కనిచ్చి "చాలు సార్, కొత్త టైర్లకు మట్టి అంటుతుంది" అన్నాడు కుర్రాడు. మొదటిది పరుపు మీద కూర్చున్నట్టుంది. రెండోది గుండ్రాయి మీద కూర్చున్నట్టుంది, గులకరాయి ఎక్కినా మోచేతి దాకా తెలుస్తోంది. నాకు మొదటిదే నచ్చింది. ఆఫీసులో ఒకాయన మాత్రం రెండోదే కొనమని ఒకటే నస. బడ్జెట్ 30 వేలు. అసలు రెండు నిమిషాల్లో సైకిల్ మంచీ చెడ్డా ఎట్లా తెలుసుకునేది?

కేసీ_కెనాల్
తెలియదు. చెప్పులు కొనేటప్పుడు కూడా షాపులో నాలుగు అడుగులు అటూ ఇటూ వేస్తాం, 30 వేల బండికి సందు చివరి దాకానా? కనీసం అరగంట తొక్కనివ్వని చోట కొనొద్దు. మొదటి పది నిమిషాలు ఏ సైకిలైనా బాగానే ఉంటుంది. అరచేతులు తిమ్మిరెక్కడం, మెడ పట్టడం, కూర్చున్న చోట నొప్పి, ఇవన్నీ ఇరవై నిమిషాలు దాటాకే బయటికొస్తాయి.

హంద్రీ_ఒడ్డు
మొదటిదే తీసుకో అన్నా. మన సీమ రోడ్ల మీద షాకుల్లేకుండా తొక్కడమంటే మాటలా? నేను కర్నూల్లో బళ్ళారి చౌరస్తా దాటి రోజూ పోతా, షాకులున్నాయి కాబట్టి ఒళ్ళు నిలిచింది.

గాలిమర
హంద్రీ_ఒడ్డూ, ఆ ధరలో వచ్చేవి పేరుకే షాకులు. లోపల ఒక మామూలు స్ప్రింగు ఉంటుంది, నాలుగు వానలకు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. బరువు కిలో పైనే ఎక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి తొక్కితే నీ బలం సగం దాన్ని నొక్కడానికే పోతుంది. పెన్నా_గట్టు గారి పాత బండి కథే అది కదా, ఊగడమే గానీ పోవడం లేదని ఆయనే రాశారు. ఇప్పుడు అదే జబ్బును సగం ధరకు కాకుండా పూర్తి ధర పెట్టి మళ్ళీ తెచ్చుకుంటానంటున్నారు.
హైబ్రిడ్‌కు అసలు షాకులు టైర్లే. 38, 40 ఎంఎం వెడల్పుండి లోపల గాలి సరిగ్గా ఉంటే చాలు. పెన్నా_గట్టు గారూ, ఒక్కటి చెప్పండి, ఆ రెండో సైకిల్ టైర్లో గాలి ఎంతుందో చూశారా?

పెన్నా_గట్టు
కొలవలేదు. బొటనవేలితో నొక్కితే సొట్ట పడలేదు. కొత్తది కదా, గట్టిగా ఉంటుందిలే అనుకున్నా.

గాలిమర
దొరికింది దొంగ. కొన్ని షాపుల్లో కంప్రెసర్ పెట్టి టైరు పక్కన రాసి ఉన్న అంకె దాకా కొట్టేస్తారు. ఆ అంకె అర్థం అంతకు మించొద్దని, అంత కొట్టమని కాదు. మీ బరువుకు 40 ఎంఎం టైరైతే ముందు 45, వెనక 55 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, ఐదైదు అటూ ఇటూ మార్చి చూసుకోండి. 80 కొడితే ఏ సైకిలైనా గుండ్రాయే. అలాగని మరీ 30కి దించారనుకోండి, గుంతలో పడినప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి, పాము కరిచినట్టు.

సగం_చైను
దానికి మంత్రం ఉండదు, సొల్యూషనే.

బురుజు_నీడ
టెస్ట్ రైడ్ ఇచ్చారు, సంతోషించండి. నేను లాక్‌డౌన్ తర్వాత ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. సగం విప్పి అట్టపెట్టెలో వచ్చింది, మిగతాది నేనే బిగించుకున్నా. రెండు నెలలు తొక్కా, మలుపు తిప్పినప్పుడల్లా బూటు ముందు చక్రానికి తగిలేది. ఈ మోడల్ ఇంతేలే అనుకున్నా. చివరికి పంక్చర్ షాపు తాత చూసి "ఫోర్కు వెనక్కి తిప్పి బిగించావు కదరా" అన్నాడు. ఇంజనీరింగ్ చదివిన వాణ్ణి.

సగం_చైను
ఏ బ్రాంచి?

బురుజు_నీడ
మెకానికల్. ఇంక అడగొద్దు.

సూర్యనగర్_టీచర్
అనంతపురం నుంచి రాస్తున్నా. స్కూలుకు రానూపోనూ 14 కిలోమీటర్లు, మూడేళ్ళుగా హైబ్రిడ్ మీదే. మెత్తటి సీటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. నేను కూడా మొదట మెత్తదే కావాలని పట్టుబట్టి, దానిపైన ఇంకో జెల్ కవరు కూడా తొడిగించా. పావుగంట స్వర్గం. ఆ తర్వాత కూర్చునే ఎముకలు రెండూ మెత్తట్లోకి దిగిపోయి, మధ్యలో ఉన్న ఒత్తిడి పడకూడని చోట ఒత్తిడి పడింది, తిమ్మిరి. మగవాళ్ళకూ అదే గతి, చెప్పుకోరు అంతే.
సీటు మెత్తదనం కంటే వెడల్పు ముఖ్యం. గట్టి మెట్టు మీద ఒక అట్టముక్క వేసి, దానిమీద కూర్చుని కొంచెం ముందుకు వంగండి. లేచి చూస్తే రెండు గుంటలు పడి ఉంటాయి. ఆ రెండింటి నడిమధ్యల దూరం కొలిచి, ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు సుమారుగా తెలుస్తుంది. సైకిల్‌తో వచ్చిన సీటు నచ్చకపోతే మార్చుకోవచ్చు, దాన్ని చూసి సైకిల్‌ని వద్దనకండి. ఫ్రేము మాత్రం మార్చలేరు.

హంద్రీ_ఒడ్డు
మేడం చెప్పింది సీటు వరకూ ఒప్పుకుంటా. షాకుల విషయంలో గాలిమరతో ఒప్పుకోను. అనంతపురంలో తారు రోడ్డు మీద తిరిగే వాళ్ళకు మా గుంతలేం తెలుసు.

గాలిమర
మా ఊరికి వచ్చి తడకలేరు వైపు ఒకసారి తొక్కి ఆ మాట అను.

బ్రెవే_బాబాయ్
నేను 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు పెట్టి తొక్కే దూరపు సైకిల్ ప్రయాణం, పదమూడున్నర గంటల గడువు లోపల పూర్తి చేసినవాణ్ణి, అనుభవంతో చెప్తున్నా. హైబ్రిడ్ అంటేనే అటూ కాదు ఇటూ కాదు. ఆరు నెలల్లో మీకు స్పీడు సరిపోదు, అమ్మేసి రోడ్ బైక్ కొంటారు. ఇప్పుడే వంపు హ్యాండిల్‌ది తీసుకోండి.

కేసీ_కెనాల్
బాబాయ్, ఆయన దేవుని కడప పోయొస్తేనే నడుము పట్టేస్తోంది అన్నాడు. నువ్వు ఆయన్ని బొక్కబోర్లా పడుకోబెట్టి తొక్కమంటున్నావు.

సూర్యనగర్_టీచర్
పైగా ఆయనకు మోకాలు నొప్పి. ఎంత గట్టిగా అన్నది కాదు, ఎంత తేలిగ్గా అన్నది చూడాలి. చిన్న గేరులో నిమిషానికి 70, 80 సార్లు కాళ్ళు తిరిగేట్టు తొక్కితే మోకాలి మీద అంత బరువు పడదు. పెద్ద గేరు వేసి కష్టపడి నొక్కితే మగతనం అనుకుంటారు మా స్టాఫ్‌రూంలో కూడా కొందరు.

పంక్చర్_పాండు
మోకాలు అన్నారు కాబట్టి అడుగుతున్నా, టెస్ట్ రైడ్‌లో సీటు ఎత్తు మార్చారా అన్నా? మనోళ్ళందరిదీ ఒకటే అలవాటు, సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. అంత కిందికి దించితే మోకాలు ఎప్పుడూ మడిచే ఉంటుంది, ముందు వైపు నొప్పి అందుకే వస్తుంది. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తెచ్చినప్పుడు కాలు పూర్తిగా చాపుకోవాలి. ఆ తర్వాత మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, అదీ సరైన ఎత్తు. పిరుదులు అటూ ఇటూ ఊగుతుంటే ఎక్కువైనట్టు. ఆగాలంటే సీటు మీద నుంచి ముందుకు దిగి నిలబడాలి, కూర్చునే కాలు ఆనించకూడదు. రెండు రోజులు భయంగా ఉంటుంది, తర్వాత అలవాటు.

పెన్నా_గట్టు
లేదు తమ్ముడూ, వాళ్ళు ఎట్లా ఉంచితే అట్లాగే ఎక్కా. రెండు పాదాలూ నేలకు ఆనాయి, సరిపోయిందిలే అనుకున్నా. అంటే నేను నాలుగేళ్ళుగా పాత సైకిల్ కూడా అట్లాగే తొక్కుతున్నా.

పంక్చర్_పాండు
అయితే ముందు ఆ పాతదాని సీటు రెండంగుళాలు లేపి చూడన్నా. ఖర్చు లేదు.

పెన్నా_గట్టు
లేపా. ఈ రోజు పొద్దున రిమ్స్ రోడ్డులో ఎనిమిది కిలోమీటర్లు. నడుము నొప్పి అట్లాగే ఉంది గానీ మోకాలు మాత్రం మాట్లాడలేదు. ఇంతకాలం ఎవడూ చెప్పలేదే.

కేసీ_కెనాల్
కొత్త సైకిల్ కొనాలన్న మూడ్ పోగొట్టుకోవద్దు సామీ, మాకు టైంపాస్ ఉండదు.

పెన్నా_గట్టు
ఆదివారం ఇంకో షాపుకు పోయా, పెద్దది. ఈసారి జేబులో గాలి కొలిచే గేజీ, సీటు బోల్టు తిప్పడానికి ఆరో నంబరు ఎల్లెన్ కీ పెట్టుకుని పోయా. షాపు ఓనరు నన్ను చూసి వేరే షాపు మెకానిక్ అనుకున్నట్టున్నాడు. స్కూటరు తాళం, ఆధార్ కార్డు అక్కడ పెట్టి అరగంట అడిగా, సరే అన్నాడు. మొన్న గుండ్రాయి అన్నానే, అదే మోడల్ ఇక్కడా ఉంది. గేజీ పెడితే 82! దించి ముందు 45, వెనక 55 చేశా. సీటు లేపా. కోటిరెడ్డి సర్కిల్ నుంచి రిమ్స్ వైపు పోయి వచ్చా. గాలిమర గారూ, మీకు దండం. అదే సైకిల్ కాదది. గతుకు తెలుస్తుంది గానీ తగలడం లేదు. తొక్కితే తొక్కినంతా ముందుకే పోతోంది.
తర్వాత షాకులది కూడా అదే దారిలో తొక్కా, న్యాయంగా ఉండాలి కదా. మొదటి ఐదు నిమిషాలు అదే సుఖం. వచ్చేటప్పుడు ఎదురుగాలికి బరువు తెలిసింది. మెత్తటి సీటు గురించి మేడం చెప్పింది కూడా తెలిసింది, ఎక్కడో చెప్పను.
ఒక తంటా ఏంటంటే, రెండోదాని మీద ఇరవై నిమిషాలకు భుజాలు లాగాయి. హ్యాండిల్ దూరంగా ఉన్నట్టుంది, చేతులు పూర్తిగా చాపాల్సి వచ్చింది. అది ఎల్ సైజు. ఎమ్ లేదట. "సీటు దించి ముందుకు జరిపితే సరిపోతుంది సార్, ఈ రోజే తీసుకుంటే వెయ్యి తగ్గిస్తా" అన్నాడు. తీసుకోనా?

గాలిమర
వద్దు.

పంక్చర్_పాండు
వద్దన్నా.

సూర్యనగర్_టీచర్
వద్దు. సీటు దించితే కాళ్ళ ఎత్తు తగ్గుతుంది, చేతుల దూరం పెద్దగా తగ్గదు. సీటు ముందుకు జరిపితే చేతులకు దగ్గరవుతుంది గానీ మోకాలు పెడల్‌కు మరీ ముందుకొచ్చేస్తుంది, మీకున్నదే మోకాలి గొడవ. చేతులు చాపినప్పుడు మోచేయి కొంచెం వంగి ఉండాలి, భుజాలు చెవుల దగ్గరికి లేవకూడదు. నాది 5 అడుగుల ఒక అంగుళం. ఎస్ సైజు కోసం బెంగళూరు పోయా, ఇక్కడ షాపుల్లో ఆడవాళ్ళంటే బుట్ట ఉన్న గులాబీ రంగు సైకిలే చూపిస్తారు. 5 అడుగుల 6 అంగుళాలకు చాలా కంపెనీల్లో ఎమ్ వస్తుంది, అయినా కంపెనీ కంపెనీకీ కొలత మారుతుంది కాబట్టి పైకడ్డీకి అటో కాలు ఇటో కాలు వేసి నేల మీద నిలబడి చూడండి. కడ్డీకీ మీకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సందు ఉండాలి.

సగం_చైను
ఆ సందు లేని సైకిల్‌కు సడన్ బ్రేకు వేస్తే ఏమవుతుందో బాబాయ్‌ని అడగండి.

బ్రెవే_బాబాయ్
పెద్దవాళ్ళతో వేళాకోళమా. అయినా నిజమే. మధ్యాహ్నం దాకా లేవలేదు.
సైజు మాట వందకు వంద నిజం. నేను ముందు చెప్పిన రోడ్ బైక్ సంగతి పక్కన పెట్టండి. ఎమ్ కోసం ఆగండి. వెయ్యి రూపాయలు ఫిజియోథెరపీకి రెండు సిట్టింగులు కూడా రావు.

కేసీ_కెనాల్
బాబాయ్ మనసు మారింది, ఈ చర్చలో అన్నిటికంటే పెద్ద వార్త ఇదే.
ఇంకో మాట. షాపులో పాత రేటు స్టిక్కర్ ఉంటే చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆయన తగ్గిస్తానన్న వెయ్యి అసలు ఆయన జేబులోదేనా అని బిల్లు వివరంగా అడగండి.

హంద్రీ_ఒడ్డు
గేర్ల సంగతి? ముందు ఒక్క పళ్ళచక్రమే ఉన్నవి వస్తున్నాయి ఈ మధ్య. నాకైతే ముందు మూడు ఉంటేనే నిండుగా ఉంటుంది.

గాలిమర
నిండుగా ఉండడానికి అది పెళ్ళి పందిరా. ఊళ్ళో తిరగడానికి ముందు ఒకటి, వెనక ఎనిమిది చాలు, చైను పడిపోయే తలనొప్పి తక్కువ. గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలని ఉంటే మాత్రం మూడున్నది మేలు. ముందు 28 పళ్ళు, వెనక 34 పళ్ళు వేసుకుంటే కాలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు కూడా తిరగదు, నడిచినంత మెల్లగా ఎక్కేయొచ్చు. ముందు ఒక్క 38 ఉంటే ఆ సుఖం లేదు. టెస్ట్ రైడ్‌లో ఎత్తు ఎక్కుతూ గేర్లు మార్చి చూడాలి, చదునులో ఏ గేరైనా మంచిగానే పడుతుంది.

పెన్నా_గట్టు
గువ్వలచెరువు ఎందుకు ఎక్కుతా, పాలకోవాకా? షుగరు అన్నాను కదయ్యా.

సగం_చైను
ఎక్కినందుకు ఒకటి తినొచ్చు అన్నా. దిగినందుకు ఇంకోటి.

పంక్చర్_పాండు
అందరూ మర్చిపోయిన పాయింటు నేను చెప్తా. కొనేటప్పుడు ట్యూబు వాల్వు ఏ రకమో చూడన్నా. కొన్నిటికి సన్న వాల్వు వస్తుంది, పైన చిన్న మర తిప్పి గాలి కొట్టాలి. మన రోడ్డు పక్క షాపుల్లో పంపు దానికి పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, వేలెడంత కూడా ఉండదు, అది జేబులో లేకుండా ఊరు దాటొద్దు. ఇంకోటి, 28 అంగుళాల టైరు అని చెప్పి పాత పాలవాళ్ళ సైకిల్ టైరు ఎక్కించాలని చూస్తారు. అది 635 ఎంఎం రిమ్ముది, హైబ్రిడ్‌ది 622. ఎక్కదు. 29 అంగుళాల ఎంటీబీకి (మౌంటెన్ బైక్‌కు) కూడా అదే 622, కాబట్టి టైరు వెడల్పు కలిస్తే దాని ట్యూబు పనికొస్తుంది. మన దగ్గర పల్లేరు కాయలు, తుమ్మముళ్ళు ఎంత ఎక్కువో తెలిసిందే, ట్యూబులో సీలెంటు, అంటే చిల్లుల్ని లోపలి నుంచే మూసే ద్రవం, పోయించుకో.

పెన్నా_గట్టు
తీసుకున్నా! ఎమ్ సైజు పది రోజులకు తెప్పించారు. షాకుల్లేనిదే, ముందు మూడు వెనక ఎనిమిది, 40 ఎంఎం టైర్లు. మళ్ళీ అరగంట తొక్కాకే డబ్బు కట్టా. డిస్కు బ్రేకు రుద్దుకుంటూ చప్పుడొస్తుంటే అక్కడే సరిచేయించా. ఫ్రేము నంబరు బిల్లు మీద రాయించా. సీటు మార్చలేదు, మేడం లెక్క ప్రకారం అట్టముక్క మీద కూర్చుంటే సరిగ్గా సరిపోయింది, అది చూసి మా ఆవిడ ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది.
ఇంట్లో ఒకటే ప్రశ్న. ఇంత పోసి కొన్నావు, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, బెల్లు కూడా లేదు, మోసపోయావేమో అంటున్నాడు మా నాయన. అన్నీ విడిగా కొని బిగించేసరికి ఇంకో రెండు వేలు.

కేసీ_కెనాల్
స్టాండు లేని సైకిల్‌ని మన ఇళ్ళల్లో సైకిల్‌గా లెక్కవేయరు.

సూర్యనగర్_టీచర్
శుభం. ఆషాఢం గాలికి మా ఊరు రండి, అప్పుడు చిన్న గేరు విలువ ఇంకా తెలుస్తుంది. పోయేటప్పుడు ఏడుపు, వచ్చేటప్పుడు ఎగురుడు.

హంద్రీ_ఒడ్డు
నేను కూడా నా టైర్లలో గాలి కొలిచా. 75 ఉంది. 50కి దించా. ఇంక ఏమీ మాట్లాడను.

గాలిమర
షాకులు?

హంద్రీ_ఒడ్డు
ఏమీ మాట్లాడనన్నా కదా.

పెన్నా_గట్టు
నాలుగో రోజు రిపోర్టు. పుష్పగిరి రోడ్డులో పొద్దున్నే పోయా. నడుము బాగుంది, చేతులు బాగున్నాయి, మోకాలు అసలు గుర్తే రాలేదు. తిరిగొస్తుంటే వెనక టైరు పోయింది. సీలెంటు వచ్చేవారం పోయిద్దాంలే అనుకుని ఉంటి. అడాప్టర్ ఇంట్లో టేబుల్ మీద ఉంది. మూడు కిలోమీటర్లు తోసుకుంటూ షాపు దాకా వచ్చా, పంపు పట్టలేదు, అక్కడి నుంచి ఇంటికి ఆటో. డాక్టరు చెప్పిన నడక అట్లా పూర్తయింది.

పంక్చర్_పాండు
పల్లేరా, తుమ్మా?

పెన్నా_గట్టు
పల్లేరు. రెండు.